పండ్లపొడి డబ్బీకి మూతి ఎటువైపు

ఇంతకాలం ఇదంతా ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర గట్టి జవాబే ఉంది. నాకు రాయడం వచ్చేది కాదు. జుట్టు నెరిసి, మోకాలికి ఆపరేషనై, ఒక వానకాలమంతా మంచం మీద గడిపేదాకా నాకు అక్షరం ముక్క తెలియదు. అప్పుడు కడపలో మా పక్కింట్లో ఉండే రాజమ్మ టీచరు రోజూ సాయంత్రం చూడటానికి వచ్చేది. రిటైరయ్యాక ఆవిడకు తిట్టడానికి పిల్లలు లేరు, నాకు లేచి పారిపోవడానికి కాలు లేదు. అలా కుదిరింది మా చదువు. రమ, గీత లాంటి పేరున్నవాళ్ళు వారంలో సంతకం నేర్చేసుకుంటారట. మా వాళ్ళు ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని నాకు ఉరుకుందమ్మ అని పెట్టారు. ఆ పేరు నా చేతికి లొంగేసరికి చలికాలం వచ్చింది. చదవడం వచ్చాక కూడా వెంటనే ఏమీ రాయలేదు. నా బతుకులో చెప్పుకోదగ్గ పని ఒక్కటే చేశాననుకునేదాన్ని. అది ఒక అట్ట డబ్బీ. ఆ ఒక్క గొప్పనూ లోపల భద్రంగా పెట్టుకుని, ఎప్పుడో రాయాలి, బాగా రాయాలి అనుకుంటూ వాయిదా వేశాను. మొన్న నా ఈడు నూర్జహాన్ కర్నూలు నుంచి వచ్చి వెళ్ళాక ఆ గొప్ప సగమైంది. సగమయ్యాక రాయడం తేలికైంది.

మా అమ్మానాన్నలు ఏటా పంట పనులకు బళ్ళారి వైపు పోయేవారు. నన్ను ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ సుంకమ్మ దగ్గర వదిలేవారు. పోనుపోను వాళ్ళు తిరిగి రావడం తగ్గింది, నేను అక్కడే ఉండిపోయాను. ఆ ఇంట్లో తెల్లారగానే రెండు వాసనలు లేచేవి. ఒకటి నూలుకు పెట్టే గంజి వాసన, రెండోది తుమ్మబొగ్గు కాలుతున్న వాసన. గంజి పెదనాన్నది, బొగ్గు పెద్దమ్మది. పెదనాన్న గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చున్నాడంటే అన్నం వేళకు గాని లేచేవాడు కాదు. నేను గడపలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. బడికి పంపుదామని పెదనాన్న ఒకసారి అన్నాడు. "ఇది బడికి పోతే కండెలు నీ యబ్బ వచ్చి చుడతాడా" అంది పెద్దమ్మ. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ దిగులేమీ కలగలేదు. పలక మోసుకుని ఎండలో నడవడం కంటే గడపలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళకు పేర్లు పెట్టడం నాకు హాయిగా ఉండేది.

పెద్దమ్మ పండ్లపొడి చేసేది. తుమ్మబొగ్గు, ఉప్పు, పటిక, లవంగం, ఆత్మకూరు సంత నుంచి ఎవరో ఒకరు తెచ్చిపెట్టే కరక్కాయలు. అన్నీ రోట్లో దంచి, పాత తెల్ల పంచెలో జల్లించేది. ఆ రోజు ఇంట్లో ఎవరు దగ్గినా నల్లగా దగ్గేవారు. ఇంత మంచి పొడి చేసే మనిషికి ముందు పండ్లు లేవు. ఎప్పుడో మగ్గం గుంతలో బోర్లా పడి పోగొట్టుకుంది. పండ్లపొడి అమ్మేదానికి పండ్లు లేకపోతే ఎవరు నమ్ముతారని, అంగడికి పోయినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. నవ్వొస్తే గోడ వైపు తిరిగేది. తెలియనివాళ్ళు ఆమెను శానా సిగ్గరి అనుకునేవారు. మా వీధిలో ఆమె నోటికి భయపడనివాళ్ళు లేరని వాళ్ళకు తెలియదు.

మొదట ఆ పొడి ఇంటి ఖర్చుకు తోడుగా ఉండేది. తర్వాత పెదనాన్నకు ఆయాసం మొదలై, మగ్గం ఒక రోజు ఆడితే రెండు రోజులు ఊరుకునేది. అప్పటినుంచి పొడే ఇల్లు నడిపింది. దాన్ని కొనేది కర్నూలు పాత బస్తీలో అంగడి ఉన్న ఖాదర్ సాబు ఒక్కడే. ఆయన దగ్గరినుంచే అది కడప దాకా పోయేది. మేం పాత కాగితాల్లో పొట్లాలు కట్టి ఇచ్చేవాళ్ళం. ఒకరోజు మేం గంప దించగానే సాబు పొట్లాల మీద చెయ్యి వేశాడు గాని లోపల పెట్టించలేదు.

"సుంకమ్మా, నీ పొడి మంచిదే. పొట్లమే చెడ్డది" అన్నాడు. "ఒక్కసారి విప్పితే మళ్ళా మూసుకోదు. గూట్లో పెడితే గూడంతా నలుపు, జేబులో పెడితే జేబంతా నలుపు. గిరాకీలు వచ్చి నన్ను తిడతాండారు."

"రేకు డబ్బీలు మేం యాడ తెచ్చేది సాబూ" అంది పెద్దమ్మ కొంగు చాటునుంచి.

"రేకుదే తెమ్మంటినా? అట్టదైనా సరే. తెరిస్తే తెరుచుకోవల్ల, మూస్తే మూసుకోవల్ల. పీర్ల పండగ దాటేలోపల తెచ్చినావంటే సరి. లేదంటే ఆ అరలో వేరే కంపెనీ వాళ్ళది పెట్టుకుంటా. అడుగుతానే ఉండారు వాళ్ళు."

తిరుగు బస్సులో పెద్దమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. కండక్టరు చిల్లర ఇవ్వకపోయినా ఊరుకుంది. అప్పుడు నాకు భయం వేసింది.

డబ్బీ పని నా మీద పడింది. తెలివిగలదాన్నని కాదు, ఇంట్లో చేతులు ఖాళీగా ఉన్నది నావే. పెదనాన్న మగ్గం ఆగితే చుట్టడానికి కండెలు ఉండవు. పాత క్యాలెండర్ల అట్టలు అడుక్కొచ్చి కోయడం మొదలుపెట్టాను. నాలుగు గోడలు నిలబెట్టడం తేలికే. మూతే చిక్కు. అట్టకు ఒక గుణం ఉంది, ఎంత మడిచినా మళ్ళీ లేవాలని చూస్తుంది. నేను మూత మూసి చెయ్యి తీసేలోగా అది లేచి నా ముఖం చూసేది. చివరికి నాకు దారి చూపింది పెదనాన్న చీర మడత. మగ్గం నుంచి దించిన చీరను ఆయన మడతలు పెట్టి, ఆఖరి అంచును మొదటి మడతలోకి దోపేవాడు. ఆ చీరను విసిరినా విప్పుకునేది కాదు. అలాగే మూతకు ఒక నాలుక వదిలి, దాన్ని డబ్బీ లోపలికి దోపాను. నాలుక కిందికి రెండు పక్కల నుంచీ రెండు చెవులు పెట్టాను. అయినా మెల్లగా లేచేది. ఒకరోజు మొద్దు కత్తెరతో కోస్తుంటే చెయ్యి జారి నాలుక మొదట్లో రెండు వైపులా చిన్న గాట్లు పడ్డాయి. పాడైందనుకుని విసుగ్గా లోపలికి తోశాను. టక్ మని శబ్దం వచ్చింది. ఆ గాట్లలో చెవుల అంచులు ఇరుక్కుని మూత కదలకుండా కూర్చుంది. వేలితో లాగితే తెరుచుకుంటుంది, నెడితే మళ్ళీ టక్. తర్వాత జీవితమంతా అది నా ఆలోచనే అని చెప్పుకున్నాను. కత్తెర పేరు ఎక్కడా ఎత్తలేదు.

ఇక అతకడం. నేతగాళ్ళ ఇంట్లో లోకంలో ఏది అంటుకోవాలన్నా గంజితోనే అంటుకోవాలి. గోడకు దేవుడి పటం గంజితో, చిరిగిన గొడుగు గంజితో, పెదనాన్న చెప్పు కూడా ఒకసారి గంజితో. మాకు ఇంకో రకం జిగురు తోచనే తోచదు. డబ్బీలన్నీ చిక్కటి గంజితో అతికి, ఎండబెట్టి, లోపల మైనం కాగితం పరిచి పొడి పోసి, సాబు గోదాములో పెట్టించి వచ్చాం. పెద్దమ్మ ఆ రోజు కండక్టరుతో చక్కగా పోట్లాడింది.

కొన్నాళ్ళకు సాబు కబురు పెట్టాడు. వెళ్ళి చూస్తే గోదాము నేలంతా నల్లగా ఉంది. ఎలుకలు డబ్బీల అతుకులన్నీ శ్రద్ధగా నాకి, కొరికి తినేశాయి. పొడి మాత్రం వదిలేశాయి. ఆ పొడిలో అవి నడిచిన అడుగులు సాబు బియ్యం మూటల మీదుగా ముగ్గు వేసినట్టు పోయాయి.

"మీ డబ్బీలు నా గిరాకీలకంటే ఎలకలకు శానా నచ్చినాయి సుంకమ్మా" అన్నాడు సాబు.

పెద్దమ్మ నా వైపు చూసింది. తిట్టలేదు. "ఇంగొక్క తూరి చూడు సాబూ, పండగ ఇంకా రాలేదు కదా" అంది. ఆమె ఎవరినైనా బతిమాలడం నేను చూడటం అదే మొదటిసారి.

"సరే, పండగ దాకా చూస్తా. ఈ తూరి డబ్బీ మీద పేరు గూడా అచ్చెయ్యించుకోని రాండి. పేరు లేంది ఎవురు కొంటారు" అన్నాడు ఆయన.

అతికితే ఎలుకలు తింటాయి. అతకకుండా నిలబడాలి. ఇప్పుడు చెబితే చిన్న సంగతిలా ఉంటుంది గాని, నేను మాత్రం అన్నం ముందు కూర్చున్నా సంగటి ముద్దను డబ్బీలా ఒత్తుతూ ఉండేదాన్ని. పెద్దమ్మ చేతిమీద ఒకటి వేసేది. నిలువు అతుకు తీసేసి, అక్కడ ఒక నాలుక, దానికెదురుగా ఒక చీలిక పెట్టాను. నాలుకను చీలికలో దోపితే చాలు. అడుగున నాలుగు రెక్కలు వదిలి, పడుగు పేక అల్లినట్టు ఒకదాని కింద ఒకటి, ఒకదాని పైన ఒకటి వేసి, ఆఖరిదాన్ని మొదటిదాని కిందికి తోశాను. గంజి చుక్క లేకుండా డబ్బీ నిలబడింది. పెదనాన్న మగ్గం గుంతలోంచే చెయ్యి చాచి తీసుకుని అటూ ఇటూ నొక్కి చూశాడు. "నేసినట్టే ఉండాదే" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు. ఆ కొలతకు ఒక రేకు అచ్చు కోయించాం. అట్ట మీద అచ్చు పెట్టి, గీత గీసి, కోసి, మడవడమే.

ఇక పేరు. అచ్చాఫీసు మద్దిలేటన్న బొమ్మ కూడా వేస్తానన్నాడు. బొమ్మ దిమ్మెకు వేరే ఖర్చని పెద్దమ్మ వద్దంది. ఒక్క బొమ్మ ఉండి ఉంటే నా పరువు దక్కేది. తలా కాళ్ళూ ఉన్న ఏ బొమ్మనైనా నేను గుర్తుపట్టగలను. మద్దిలేటన్న 'సుంకమ్మ పండ్లపొడి' అని అచ్చేసిన అట్టల కట్ట పంపాడు. రేకు అచ్చు ఎటువైపు పెట్టాలో చూడటానికి నేను ఒక అట్టను తీసుకుని అక్షరాలను బాగా పరికించాను. ఒక్కో అక్షరానికీ ఒక పక్క చిన్న టిక్కులు ఉన్నాయి, పిచ్చుక కాళ్ళలాగా. ఇంకో పక్క కొన్నిటికి చిన్న చిన్న ముడులు ఉన్నాయి, తలలో పూలు పెట్టుకున్నట్టు. కాళ్ళు కిందికి ఉండాలి, పూలు పైకి ఉండాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది? పూలున్న వైపు మూతి వచ్చేలా అచ్చు పెట్టి, కట్ట మొత్తం కోసేశాను. ఎవరినీ అడగలేదు. అడగడానికి ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరు, అడగాలన్న సందేహం నాకు రాలేదు.

పీర్ల పండగకు ముందు కొత్త డబ్బీలతో సాబు అంగడికి వెళ్ళాం. పెద్దమ్మ మెట్టు మీద కూర్చుంది. సాబు ఒక డబ్బీ చేతిలోకి తీసుకున్నాడు. తెరిచాడు, మూశాడు. టక్. మళ్ళీ తెరిచాడు. ఎత్తి అక్షరాలకేసి చూశాడు, నాకేసి చూశాడు, మళ్ళీ డబ్బీకేసి చూశాడు. తర్వాత దాన్ని తిప్పి, మూతి కిందికి వచ్చేలా బల్ల మీద నిలబెట్టాడు.

"చూడు, పరీక్ష చేస్తాండాడు" అని పెద్దమ్మ నా చెవిలో గొణిగింది.

ఒక గిరాకీకి బెల్లం తూచి ఇచ్చేంతసేపు దాన్ని అలాగే ఉంచి, సాబు డబ్బీని పైకెత్తాడు. కింద తెల్ల బల్ల తెల్లగానే ఉంది.

"గంజి యాడైనా ఉందా?" అన్నాడు.

"చుక్క లేదు సాబూ" అన్నాను.

"అయితే అరలో పెట్టిస్తా. ఆ అర మీకే."

పెద్దమ్మ నవ్వింది. గోడ వైపు తిరగలేదు. ఆమెకు కొంగు గుర్తే రాలేదు.

ఆ డబ్బీలు చాలా ఏళ్ళు నడిచాయి. రెండోసారి అట్టలు వచ్చినప్పుడు ఒక తమాషా జరిగింది. మద్దిలేటన్న ఈసారి కట్టను అటుదిటు తిప్పి పేర్చి పంపాడు. ఎప్పటిలా అచ్చు పెట్టబోతే పిచ్చుక కాళ్ళు మూతి వైపు వచ్చాయి. నేను గమనించాను కాబట్టి సరిపోయింది. కట్ట మొత్తం తిప్పుకుని కోసి, తర్వాత ఆయన కనబడితే ఊరుకోలేదు.

"ఏమన్నా, అట్టలు తలకిందులు పేర్చి పంపితివే. నేను చూసుకుంటి కాబట్టి సరిపాయ, ల్యాకుంటే అన్నీ పాడవుతాండె" అన్నాను.

మద్దిలేటన్న సిరా చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నన్ను కొంతసేపు చూశాడు. "నువ్వు ఉండావు కాబట్టే మ్మా పని సక్రంగా జరుగుతాండాది" అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చి పెద్దమ్మకూ పెదనాన్నకూ చెప్పుకున్నాను.

పెళ్ళయి కడపకు వచ్చాక అక్కడి అంగళ్ళలో మా డబ్బీలు కనబడేవి. ఏ అంగడిలో చూసినా మూతి కిందికి పెట్టి ఉండేవి. నాకు ఒళ్ళు మండేది. "ఏమప్పా, ఇంత అంగడి పెట్టుకుంటివే, డబ్బీ మూతి యాపక్క ఉండాల్నో తెలీదా?" అని నేనే లోపలికి వంగి ఒక్కొక్కటీ పైకి తిప్పి వరసగా పెట్టేదాన్ని. "సరేక్కా" అనేవాళ్ళు. మళ్ళీ వారం పోతే మళ్ళీ మూతి కిందికే. "ఈ కడప వాళ్ళకు ఎంత చెప్పినా అంతే" అని మా ఆయనతో అనేదాన్ని. ఆయనకూ నాలాగే అక్షరాలు రావు. నిజమే అనేవాడు. మా కాపురంలో మేమిద్దరం పూర్తిగా ఏకీభవించిన విషయాల్లో అది ఒకటి.

తర్వాత పెదనాన్న పోయాడు, పెద్దమ్మ పోయింది, పొడి దంచేవాళ్ళు లేరు. ట్యూబులు వచ్చాయి. రాజమ్మ టీచరు నాకు అక్షరాలు దిద్దించేటప్పుడు, పైన పెట్టే ఆ టిక్కును చూపించి దీన్ని తలకట్టు అంటారని చెప్పిన రోజు నాకు లోపల ఏదో కలుక్కుమంది. ఏమిటో తెలియలేదు. మోకాలి నొప్పి అనుకున్నాను.

మొన్న నూర్జహాన్ దర్గాకు వచ్చి, అటునుంచి మా ఇంటికి వచ్చింది. ఖాదర్ సాబు కూతురు, నా ఈడుది. పాత అంగడి పడగొట్టి కొత్తది కడుతున్నారట. అటక మీద దొరికిందని సంచిలోంచి మా డబ్బీ ఒకటి తీసింది. ఒక మూల కూడా నలగలేదు. నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. నా చేత్తో కోసిన దాన్ని నా కళ్ళతో చదవబోతున్నాను. దాన్ని అరచేతిలో మూతి పైకి నిలబెట్టుకుని మొదలుపెట్టాను. రాలేదు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఏ అక్షరమూ నేను నేర్చుకున్నది కాదు.

"ఇది తెలుగు కాదేమో నూరూ" అన్నాను.

నూర్జహాన్ నవ్వాపుకుంటోంది. "తిప్పు ఉరుకుందా" అంది.

తిప్పాను. సుంకమ్మ పండ్లపొడి. చక్కగా, స్పష్టంగా. మూతి కిందికి పోయింది.

కడప అంగళ్ళన్నీ వరసగా నా కళ్ళ ముందుకు వచ్చాయి. ఒక్కొక్క అంగడిలోనూ నేను వంగి తిప్పుతున్నాను.

"మీ అబ్బకు తెలుసా?" అన్నాను.

"మొదటి పొద్దే తెలుసు. ఇంటికొచ్చి నవ్వినాడు నవ్వినాడు, అన్నం తినలే. మద్దిలేటప్పకు చెప్తే ఆయప్ప కట్ట తిప్పి పంపినాడంట. నువ్వు దాన్ని గూడా తిప్పుకుంటివంట."

"మరి నాకు చెప్పొచ్చు కదా."

"మా అమ్మీ గూడా అబ్బను అదే అడిగింది. సుంకమ్మక్క ఆ పొద్దు కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్విందంట. ఆ నోరు నేనెట్ల మూయించేది అన్నాడు."

నేను డబ్బీ మూత ఒకసారి తెరిచి మూశాను. తర్వాత అడగాల్సింది అడిగాను. "అంటే జాలిపడి పెట్టుకున్యాడా అరలో?"

"మా అబ్బా జాలా?" అంది నూర్జహాన్. "మా సొంత మామ తెచ్చిన సబ్బులే బాగల్యావని వాపసు పంపినోడు." కానీ ఆమె మంచి మనిషి, మంచి మనుషులు అలాగే చెబుతారు. ఆమె టీ తాగి బస్సుకు వెళ్ళిపోయింది. నేను డబ్బీ ముందు కూర్చున్నాను.

ఇప్పుడు మా ఇంట్లోకి రోజూ ఎన్ని అట్ట డబ్బీలు వస్తాయో. సబ్బుకు డబ్బీ, దోమల మందుకు డబ్బీ, పేస్టు ట్యూబుకు కూడా డబ్బీ, దానికి మూత ఉన్నా సరే. ఈమధ్య నేను అన్నిటినీ చదువుతాను. ఇక్కడ చింపండి అని రాసి ఉంటుంది. చింపుతాం, పారేస్తాం. మా డబ్బీలో పొడి అయిపోతే జనం గుండీలు పెట్టుకునేవారు, పసుపు పెట్టుకునేవారు, ఒకావిడ కమ్మలు దాచుకుంది. ఇప్పటి డబ్బీలు నా దానికంటే అందంగా ఉంటాయి, అక్షరాలు కాళ్ళమీద నిలబడి ఉంటాయి, ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో నాకు అక్షరాలు లేవు గాని అనుమానాలు కూడా లేవు. ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. సాబు ఆ పొద్దు బల్ల మీద డబ్బీని తిప్పి పెట్టింది పరీక్షకు కాదు, పేరు చదవడానికి. ఆ మాట తెలిశాక, నా డబ్బీ నిజంగా నిలబడిందా, లేక పండ్లు లేని ఒక నవ్వు దాన్ని నిలబెట్టిందా అన్నది నాకు తేలలేదు.

మరుసటి రోజు పొద్దున్నే లేచి బొగ్గు, ఉప్పు, లవంగం రోట్లో దంచాను. మోకాలు వద్దంది, వినలేదు. పెద్దమ్మ లాగే పాత పంచెలో జల్లించాను. డబ్బీలో కొత్త కాగితం పరిచి, పొడి నిండా పోసి, నాలుక దోపి నొక్కాను. అట్ట పాతదైనా టక్ మంది. వంటింటి గట్టును తెల్లగా తుడిచి, అక్షరాలు నిటారుగా ఉండేలా, మూతి కిందికి పెట్టి దాన్ని నిలబెట్టాను. పాలు కాచాను, ఇల్లు ఊడ్చాను, రాజమ్మ టీచరుతో గోడ మీదుగా మాట్లాడాను. తిరిగి వచ్చి డబ్బీని పైకెత్తి, కళ్ళద్దాలు పెట్టుకుని గట్టు మీదికి వంగాను. ఒక్క నలుసు లేదు. వేలితో రాసి చూశాను, వేలు కూడా తెల్లగానే ఉంది. అప్పుడు మూత తెరిచి, అరచేతిలో కొంచెం పొడి వేసుకుని, మిగిలిన నా నాలుగు పండ్లనూ తీరిగ్గా తోముకున్నాను.